తడి మన్ను పట్టిన సభ

మధ్యాహ్నపు ఎండ నీలవేణీ నది మీద వెండి రేకులా పరుచుకొని ఉంది. మేఖలాపురం కోటగోడ కింద, రెల్లు దుబ్బుల నడుమ, ఒక గేదె తల నీళ్లలోంచి పైకి లేచింది. మెలి తిరిగిన కొమ్ములు, వేలాడే చెవులు. గట్టు మీద బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు దాన్ని ఒకసారి చూసి మళ్లీ పనిలో పడ్డారు. గేదె ఒడ్డెక్కింది. ఒడ్డెక్కి, తన తలను తానే రెండు చేతులతో ఊడదీసి పక్కన పెట్టింది.

ఒకామె కెవ్వున అరిచింది.

"అరవకమ్మా, నీకు పుణ్యముంటుంది," అన్నాడు ఆ తల కింది నుంచి బయటపడ్డ యువకుడు, చెవుల్లో నీళ్లు దులుపుకుంటూ. "పైన తోలు, లోపల గడ్డి. అంతే. నేను మన ఊరివాణ్ణే."

అతడి పేరు సింగన. మేఖలాపురం రాణి హేమప్రభ కొలువులో వేగులవాడు. శరభకోట విలుకాండ్ర కళ్ల ముందు నుంచి ఈది రావడానికి అతడికి గేదె వేషం తప్ప మరొకటి తోచలేదు. మనిషి కనిపిస్తే బాణం వేసేవాళ్లు కూడా గేదెను చూసి పాల సంగతి మాట్లాడుకున్నారు.

యుద్ధం మేఖలాపురానిది కాదు. నదికి ఎగువన, ఏటి నడిమి లంకలో ఉన్న రత్నకూటం కోటను ఉత్తరపు ఒడ్డు రాజ్యమైన శరభకోట ముట్టడించి వర్షాకాలం దాటిపోయింది. లోపల గింజలు అయిపోయాయి. చివరికి సింగన రెండు శిబిరాలకూ తిరిగి తిరిగి, ఇద్దరు సేనానులనూ ఒక్క మాట మీదికి తెచ్చాడు. ఈ పొద్దు గుంకేలోపు మేఖలాపురం పడవలు రత్నకూటం జలద్వారం దగ్గరికి వస్తే ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను దాటించుకుపోవచ్చు. ఒప్పుకున్నందుకు గుర్తుగా ఇద్దరూ చెరొక ముద్రటుంగరం ఇచ్చారు. షరతు ఒకటే. మేఖలాపురం ఎవరి పక్షమూ చేరకూడదు. దాని బురుజు మీద యుద్ధపు కొమ్ము మోగిందంటే, ఎవరి కోసం మోగినా సరే, జలద్వారం పడిపోతుంది. ఆ తర్వాత లోపలివాళ్లు లోపలే.

ఆ ద్వారం వెనక సింగన అక్క తిలకం, బిడ్డలను చంకన వేసుకొని నిలబడి ఉంది. నిన్న ఇనుప కమ్మీల సందులోంచి తమ్ముడి వేళ్లు పట్టుకొని ఆమె ఏమీ అడగలేదు. "తొందరగా రా" అని కూడా అనలేదు.

సింగన ఉంగరాలను జుట్టుముడిలో దోపుకొని పరుగెత్తాడు. మూడో జాము దాటితే పడవలు కదిలినా ఒకటే, కదలకపోయినా ఒకటే.

కోట గుమ్మం దగ్గర కాపలావాడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఆగు. బొట్టేది?"

"ఏ బొట్టు?"

"ఏ బొట్టేమిటయ్యా, ఏ లోకంలో ఉన్నావు? శరభకోట గెలవాలనుకునేవాళ్లు ఎర్రబొట్టు. రత్నకూటం గెలవాలనుకునేవాళ్లు పచ్చబొట్టు. ఏదీ లేనివాణ్ణి లోపలికి రానివ్వొద్దని ఆజ్ఞ."

"ఎవరి ఆజ్ఞ?"

"పొద్దున సేనానిగారిది. ఇప్పుడు మహామంత్రిగారిది. ఇద్దరిదీ ఒకటే ఆజ్ఞ, రంగే తేడా."

"మరి నీ బొట్టు?"

కాపలావాడు అటూ ఇటూ చూసి తలపాగా కొంచెం ఎత్తాడు. కుడి కణత మీద ఎరుపు, ఎడమ కణత మీద పచ్చ. "ఎవరొస్తే వాళ్ల వైపు ఎత్తుకుంటాను. పిల్లలు గలవాణ్ణి, ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

సింగన గొంతు తగ్గించి, తను వేగులవాణ్ణనీ, రాణిగారికి వార్త తెచ్చాననీ చెప్పాడు. కాపలావాడి మొహం మారిపోయింది. "ఆ మాట ఇంకెవరి దగ్గరా అనకు. వేగులు ముందు మహామంత్రిగారికే వార్త చెప్పాలట. మొన్న ఒకడు వచ్చి, తొందరపడకండి, ఇంకా కనుక్కోవాలి అన్నాడు. ఇప్పుడు చీకటికొట్లో ఉన్నాడు."

అప్పుడు వెనక నుంచి ఒక ముసలి గొంతు లేచింది. "దారి తప్పుకోండ్రా! బుట్టెడు మన్ను నెత్తిన పెట్టుకొని మీ కబుర్లు వినాలా నేను?"

ఆమె పేరు పేరమ్మ. ఏటి ఒడ్డు నుంచి రోజూ సభకు తడి బంకమన్ను మోసే వంతు ఆమె ఇంటిది. తల మీద బుట్టలోంచి బురదనీళ్లు చెంపల మీదికి కారుతున్నాయి.

సింగన ఆమె చెవిలో నాలుగు ముక్కల్లో సంగతి చెప్పాడు. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"పిల్లలున్నారా అందులో?"

"ఉన్నారవ్వా."

"అయితే ఎత్తుకో బుట్ట." ఆమె ఇంత బంకమన్ను తీసి అతడి మొహాన, ఛాతీన, వీపున పులిమింది. ఆపైన కాపలావాడి వైపు తిరిగింది. "నా మనవడు. మన్ను మోసేవాడికి బొట్టు ఎక్కడ పెడతావో పెట్టుకో, మొహం కనిపిస్తేగా!"

కాపలావాడు నవ్వి ఈటె ఎత్తేశాడు.

ఊరంతా మరుగుతున్న ఎసరులా ఉంది. వీధికి ఈ పక్క ఎర్ర తోరణాలు, ఆ పక్క పచ్చ తోరణాలు. మిఠాయి అంగడివాడు పచ్చబొట్టువాళ్లకు లడ్డూలు అమ్మనంటున్నాడు. ఎదురింటి మంగలి ఎర్రబొట్టువాణ్ణి సగం గడ్డంతో లేపి పంపేశాడు. రత్నకూటం ఏ దిక్కున ఉందో తెలియనివాళ్లు కూడా దాని కోసం గొంతులు చించుకుంటున్నారు. మేడల మీది పావురాలు వాలడానికి చోటు లేక గాల్లోనే చుట్లు తిరుగుతున్నాయి.

"ఇదంతా ఎప్పటి నుంచి?" అన్నాడు సింగన, బుట్టతో పరుగెడుతూ.

"ఆ అంజనంవాడు వచ్చిన కాడి నుంచి," అంది పేరమ్మ, అతడి వెనకే ఆయాసపడుతూ. "భస్మాక్షుడట. నిలువెత్తు రాగి అద్దానికి అంజనం పూసి యుద్ధం చూపిస్తాడు. పొద్దున మొదలెడితే దీపాల వేళ దాకా. చూసినవాడు ఇంటికి పోడు. అన్నం సహించదు. అరుస్తాడు. మా పక్కింటాయన నిద్రలో కూడా అరుస్తున్నాడు, ఎవరి మీదో వాడికే తెలియదు."

"మరి మన్ను పట్టే ఆచారం?"

పేరమ్మ ఉమ్మేసింది. "అడక్కు."

మేఖలాపురంలో అనాదిగా ఒక కట్టుబాటు ఉంది. సభలో యుద్ధం మాట ఎత్తదలచినవాడు, మంత్రి కానీ రాజు కానీ, ఏటి ఒడ్డు తడి మన్ను గుప్పిట్లో పట్టుకొని, సభ మధ్య వట్టి నేల మీద కూర్చోవాలి. ఆ మన్ను ఎండి, గుప్పిలి విప్పితే పొడిగా రాలేదాకా నోరు మెదపకూడదు. తడి మన్ను చేత ఉండగా మాట్లాడినా, దాన్ని విసిరేసినా, ఆ క్షణానే పదవి పోతుంది. చేతిలో మన్ను ఎండేలోపు మనిషి చూడవలసినవి చూస్తాడనీ, అడగవలసినవి తనను తాను అడుగుకుంటాడనీ పూర్వులు అనుకున్నారు.

"ఇప్పుడు దొరలు తెలివి మీరారు," అంది పేరమ్మ. "ముందే ఎండబెట్టిన ఉండలు వెండి బరిణెల్లో పెట్టుకొస్తున్నారు. మూత తీయడం, ఉండ పట్టుకోవడం, గుప్పిలి విప్పి పొడి రాల్చడం, అరవడం. అంతా ఒక్క తుమ్ము తుమ్మేలోపు అయిపోతుంది. నా మన్నేమో పెరట్లో గులాబీ మొక్కలకు పోస్తున్నారు."

సింగన నడక ఆగిపోయింది. తర్వాత రెట్టింపు వేగంతో కదిలింది. "అవ్వా," అన్నాడు. "ఆ బరిణెలు ఎక్కడుంటాయి?"

సభామండపం చూడవలసిందే. నల్లరాతి స్తంభాల మీద చెక్కిన హంసలు, ముక్కున తామరతూళ్లతో, ఇప్పుడే ఎగురుతాయా అన్నట్టున్నాయి. పైకప్పు నుంచి ముత్యాల జాలర్లు దిగుతున్నాయి. నడుమ సింహాసనం ఖాళీ. రాజు కీర్తిసేనుడు కిందటి ఏడు నదీయాత్రలో పడవకు నిప్పంటుకొని పోయాడు. ఏడాది సూతకం తీరేదాకా రాణి అందరి ఎదుట కూర్చోకూడదు. అందుకని సింహాసనం పక్కన తెల్లటి తెర కట్టారు. సభలో ఏం జరిగినా ఆమె విని తెలుసుకోవలసిందే. ఏం కనిపిస్తోందో మంత్రులు చెబుతారు.

ఎదుటి గోడకు రాగి అద్దం. దాని పక్కన బూడిద రంగు కళ్లతో, ఎముకల దండతో భస్మాక్షుడు. అతడి అంజనానికి చితాభస్మమే ముడిసరుకు. ఎక్కడైనా యుద్ధం ఆగిందంటే అతడి అంగడి మూతపడుతుంది.

అద్దంలో ఒక పెద్ద పడవ మండుతోంది. తెరచాప అంటుకుంది. మనుషులు నీళ్లలోకి దూకుతున్నారు.

"చూడండి!" అని గర్జించాడు సేనాని ప్రచండవర్మ. కొండలాంటి మనిషి, ఉరుములాంటి గొంతు. "ఈ ఉదయమే రత్నకూటంవాళ్లు మన పడవను తగలబెట్టారు!"

"ఈ ఉదయమే!" అని అందుకున్నాడు మహామంత్రి జయఘోషుడు. సన్నటి మనిషి, ఎప్పుడూ జనం వైపు సగం తిరిగి మాట్లాడతాడు. "కాకపోతే తగలబెట్టింది శరభకోటవాళ్లు!"

అదే పడవ. అవే మంటలు. ఒకరికి ఒకలా, మరొకరికి మరొకలా చెవిలో చెప్పింది భస్మాక్షుడే.

"సేనానిగారూ, నిన్న మీరు అరిచింది వీధి చివరికి కూడా వినపడలేదట."

"మీ గొంతు మీ ఇంటి గుమ్మం దాటితే గదండీ, మాట్లాడటానికి!"

"నేను ఇవాళ మన్ను పట్టి, కొమ్ము మోగించి తీరుతాను."

"మీకంటే ముందు నేను!"

బయటి వసారాలో ఇద్దరు బంట్లు వెండి బరిణెలు పట్టుకొని నిలబడి ఉన్నారు. నిలబడ్డారనే గానీ మెడలు తలుపు సందులోంచి అద్దం వైపు సాగిపోయాయి. కళ్లు ఆర్పడం లేదు. సింగన ఒకడి పక్కకు వచ్చి నిలబడి, "అబ్బా, ఎట్లా మండుతోందో!" అన్నాడు. "ఊ," అన్నాడు బంటు. సింగన మూత తీశాడు. ఎండు ఉండ తీశాడు. తడి ముద్ద పెట్టాడు. మూత వేశాడు. "ఇప్పుడు తెరచాప పడిపోతుంది చూడు," అన్నాడు బంటు అతడికే చెబుతూ. "అవునా?" అని సింగన రెండోవాడి దగ్గరికి పోయాడు.

"వెధవలు," అంది పేరమ్మ గొణుగుతూ. "చేతిలో బరిణె బదులు పాము పెట్టినా తెలియదు వీళ్లకు."

లోపల చప్పట్లు మోగాయి. బరిణెలు వెళ్లాయి. సేనాని, మహామంత్రి ఒకరిని ఒకరు మోచేత్తో తోసుకుంటూ ఒక్కసారే చేతులు పెట్టి, ఉండలు పట్టి, గుప్పిళ్లు పైకెత్తారు.

గుప్పిళ్ల సందుల్లోంచి బురదనీరు మోచేతుల దాకా కారింది.

సేనాని నోరు తెరిచాడు. పదవి గుర్తొచ్చి మూశాడు. జయఘోషుడు బంటు వైపు చూసిన చూపుకు వాడు స్తంభం వెనక్కి పోయాడు. ధర్మాధికారి ముసలాయన ఎన్నాళ్ల నుంచో నిద్రపోతున్నట్టు కూర్చున్నవాడు, ఉలిక్కిపడి లేచి, "మన్ను పట్టారు. కింద కూర్చోండి," అన్నాడు. ఆ మాట అనే అవకాశం మళ్లీ వస్తుందని ఆయన కూడా అనుకోలేదు.

ఇద్దరూ వట్టి నేల మీద కూలబడ్డారు. జయఘోషుడు గుప్పిట్లోకి ఉఫ్ ఉఫ్ అని ఊదసాగాడు. సేనాని పిండి చూశాడు. ఇంకా నీళ్లు వచ్చాయి.

అద్దంలో పడవ మండుతూనే ఉంది. కానీ ఇప్పుడు అది ఏమిటో చెప్పేవాడు లేడు. జనం మొదటిసారి దాన్ని ఊరికే చూడవలసి వచ్చింది. వట్టిగా చూస్తే అది వేరేగా ఉంది. మంటలున్నాయి, మనుషులున్నారు. ఎర్రబొట్టుగానీ పచ్చబొట్టుగానీ ఎవరి నుదుటా లేదు.

తెల్లటి తెర కదిలింది.

రాణి హేమప్రభ బయటికి వచ్చింది. నగలు లేవు. తెల్లచీర. ఎవరి వైపూ చూడకుండా నడిచివచ్చి, గుమ్మంలో నిలబడ్డ పేరమ్మ బుట్టలోంచి గుప్పెడు తడి మన్ను తీసుకుంది.

"అమ్మా, తమరెందుకు, చేతులు..." అంది పేరమ్మ, కంగారుగా.

రాణి తల అడ్డంగా ఊపింది. సభ నడుమకు పోయి, ఆ ఇద్దరి మధ్య నేల మీద కూర్చుంది. అద్దం వైపు చూసింది. పడవ మండింది. మళ్లీ మొదటి నుంచి మండింది. ఆమె రెప్ప వాల్చలేదు.

భస్మాక్షుడు అద్దం వైపు కాక ఆమె కళ్ల వైపు చూస్తున్నాడు. ఆమె కళ్లు పడవ వెనక భాగాన ఒకే చోట ఆగిపోవడం అతడు కనిపెట్టాడు. చప్పున వెనక్కి జరిగాడు. చిటికెడు బూడిద నెత్తిన చల్లుకొని కిటికీలోంచి పొగలా జారిపోయాడు.

సింగన ఒక్కడే అది చూశాడు. పొగ బురుజు వైపు పోతోంది. బురుజు మీద యుద్ధపు కొమ్ము ఉంది.

బుట్టలో మిగిలిన మన్ను చేతికందినంత తీసుకొని అతడు మెట్ల వైపు దూకాడు. చుట్లు తిరిగే మెట్లు. కాలు జారింది, మోకాలు చిట్లింది, లేచాడు. పైకి వచ్చేసరికి బురుజు మీద మహామంత్రి జయఘోషుడు నిలబడి ఉన్నాడు. కింద సభలో మన్ను పట్టుకొని కూర్చున్నవాడే, అదే శాలువ, అదే సన్నటి మీసం.

"ఊదు!" అంటున్నాడు కొమ్మువాడితో.

కొమ్మువాడు నిదానస్తుడు. "చెయ్యి చూపించండి దొరా. మన్ను ఎండిందో లేదో చూడందే ఊదకూడదు గదా."

దొంగ జయఘోషుడు అరచెయ్యి చాపాడు. అందులో బూడిద ఉంది. ఎండిన మన్ను పొడిలాగే ఉంది. కొమ్మువాడు తల ఊపి, తాటిమానంత కొమ్మును పెదవులకు ఆనించుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి.

సింగన ఎగిరి, చేతిలోని బంకమన్నంతా కొమ్ము గొట్టంలో మోచేతి దాకా కుక్కేశాడు.

ముసలి ఎద్దు దగ్గినట్టు ఒక చప్పుడు వచ్చింది. అంతే. కొమ్మువాడు కళ్లు తేలేసి కూలబడ్డాడు.

"వేగులవాడా!" జయఘోషుడి మొహంలోంచి భస్మాక్షుడి గొంతు వచ్చింది. అతడి చేతివేళ్లు పాముల్లా సాగి సింగన గొంతుకు చుట్టుకున్నాయి. సింగన పిడికిళ్లతో పొడిచాడు. పొగను పొడిచినట్టుంది. కాళ్లు నేల వదిలాయి. పిట్టగోడ అంచు వీపుకు తగిలింది. మరుక్షణం అతడు గోడ బయట, ఒక్క చేత్తో రాతి అంచు పట్టుకొని వేలాడుతున్నాడు. కింద కందకంలో మొసళ్లు నోళ్లు తెరిచాయి. దూరాన ఏటి నడుమ రత్నకూటం పొగ కనిపిస్తోంది. పొద్దు అటు వాలుతోంది. అతడి వేళ్లు ఒక్కొక్కటే జారుతున్నాయి.

ఆ సమయానికి కింద సభలో రాణి లేచి నిలబడింది. ఆమె గుప్పిట్లో మన్ను ఇంకా తడిగానే ఉంది. మాట్లాడకూడదు. ఆమె మాట్లాడలేదు. అద్దం దగ్గరికి నడిచింది. పడవ వెనక, చుక్కాని దగ్గర, మంటలో నిలబడి ఎవరినో నీళ్లలోకి సురక్షితంగా దించుతున్న ఒక మనిషి మీద తన తడి అరచెయ్యి ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది. ఆపైన ఆ మన్నును అద్దం అంతా, ఈ చివర నుంచి ఆ చివరకు, నిదానంగా పులిమేసింది.

అంజనం చచ్చిపోయింది. మంత్రాగ్నితో కాగి ఉన్న రాగి మీద మన్ను సలసలలాడుతూ ఎండి, పగిలి, పొడిగా రాలింది.

బురుజు మీద భస్మాక్షుడు పెద్దగా అరిచాడు. మహామంత్రి రూపం పాత గోడ సున్నంలా రాలిపోయింది. అతడు గద్దగా మారి, రెక్కలు కొట్టుకుంటూ నది వైపు ఎగిరిపోయాడు. సింగన రెండో చెయ్యి అంచుకు అందించి, పైకి ఎగబాకి, మెట్ల మీదుగా దొర్లుకుంటూ సభలో వచ్చి పడ్డాడు.

మన్ను ఎండి రాలింది గనుక రాణి మాట్లాడుతోంది. గొంతు పెద్దది చేయలేదు. అయినా చివరి స్తంభం దాకా వినిపించింది.

"ఆ పడవ ఈ ఉదయానిది కాదు. కిందటి ఏటిది. చుక్కాని దగ్గర నిలబడ్డది మీ రాజు." ఆమె సభ వైపు తిరిగింది. "ఇన్నాళ్లుగా దీన్ని మీరంతా చూశారు. ఎవరూ ఆయన్ను గుర్తుపట్టలేదు. నేను తెర వెనక కూర్చొని మీరు చెప్పింది విన్నాను. చూస్తానని నేనూ అడగలేదు."

ఎవరూ తల ఎత్తలేదు. వెనక ఎవరో నుదుటి బొట్టును చేత్తో తుడుచుకున్నారు.

"నిజంగా చూసి వచ్చినవాడు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది రాణి.

సింగన జుట్టుముడి విప్పి, రెండు ఉంగరాలు ఆమె పాదాల దగ్గర పెట్టి, సంగతి చెప్పాడు. ఆమె మధ్యలో ఆపి రెండే అడిగింది. ద్వారం ఎంత వెడల్పు? నడవలేనివాళ్లు ఉన్నారా?

"పెద్ద పడవలు పట్టవు. చేపల పడవలు పంపండి," అంది. "కత్తి, ఈటె, ఏదీ ఎక్కించకండి. పాలు, కంబళ్లు ఎక్కించండి. ఎవరి పక్షమని అడిగితే చెప్పవలసిన మాట తర్వాత ఆలోచిద్దాం. ముందు తెడ్లు వేయండి."

మహామంత్రి చేతులు ఊపాడు. ఆయనకు చాలా అభ్యంతరాలున్నట్టు కనుబొమల బట్టి తెలుస్తోంది. కానీ మన్ను ఇంకా తడిగా ఉంది. సేనాని ప్రచండవర్మ లేచాడు. ఒక చెయ్యి గుప్పిలిగానే పట్టుకొని, రెండో చేత్తో నడుము కత్తి విప్పి నేల మీద పెట్టి, మాట లేకుండా పడవల రేవు వైపు నడిచాడు. సింగన ఆయన వెనక పరుగెత్తాడు.

చేపల పడవలు వరుసగా ఎదురు ప్రవాహానికి బయలుదేరేసరికి రేవు మెట్ల మీద జయఘోషుడి గుప్పిట్లో మన్ను ఎండినట్టుంది. "ఈ ఆలోచన మొదట నాకే..." అన్న మాట గాలి మీద కొంత దూరం వచ్చి ఆగిపోయింది.

తెడ్లు పడ్డాయి, లేచాయి. నది ఎర్రబడసాగింది. ఉత్తరపు ఒడ్డున శరభకోట విలుకాండ్రు, ఎదుట లంక గోడ మీద రత్నకూటం విలుకాండ్రు. రెండు వైపులా బాణాలు ఎక్కుపెట్టే ఉన్నాయి. సింగన ముందు పడవలో నిలబడి, రెండు ఉంగరాలూ గడకర్ర కొసకు కట్టి పైకెత్తాడు. నీరెండలో అవి తళతళమన్నాయి.

ఆకాశంలోంచి గద్ద రాయిలా పడింది. గడకర్ర విరిగింది. ఒక ఉంగరం గద్ద గోళ్లలో మెరిసి, ఏటి నడుమ జారి, బుడుంగున మునిగిపోయింది. మిగిలిన ఉంగరం రత్నకూటానిది.

ఉత్తరపు ఒడ్డున వింటినారులు బిగిసిన చప్పుడు వినిపించింది.

"మా ఉంగరం ఏది? చూపించండి, లేదా తిరిగిపోండి!" అని కేక వచ్చింది.

"తిప్పెయ్యమంటావా?" అన్నాడు పడవవాడు, తెడ్డు ఆపి.

సింగన విరిగిన గడకర్రను ఇంకా పైకెత్తే పట్టుకున్నాడు. జలద్వారం కనిపిస్తోంది. ఇనుప కమ్మీల సందుల్లోంచి బయటికి చాచిన చిన్న చిన్న చేతులు కనిపిస్తున్నాయి.

పక్క పడవలో ప్రచండవర్మ లేచి నిలబడ్డాడు. ఆ బరువుకు పడవ ఒరిగింది. శరభకోట కోసం గొంతు చించుకున్న ఆ మనిషిని ఒడ్డు మీద అందరూ ఎరుగుదురు. ఆయన గుప్పిలి విప్పాడు. పొడి గాలికి పోయింది. గర్జిస్తాడని అందరూ అనుకున్నారు.

"అబ్బాయిలూ," అన్నాడు, పక్కింటివాళ్లను పలకరించినట్టు. "నేను ప్రచండవర్మను. మీ ఉంగరం ఏట్లో పడిపోయింది. పడవల్లోకి చూడండి. కత్తుల్లేవు. పాలున్నాయి. మిగతాదంతా ఖాళీ. నింపుకొని వెళ్లిపోతాం."

తర్వాత ఒడ్డు మీద ఎవరో ఒకడు విల్లు దించాడు. అతడి పక్కవాడు అతడిని చూశాడు, తనూ దించాడు. అందరూ దించలేదు.

"వెయ్యండి తెడ్లు!" అన్నాడు సింగన.

లంక గోడలో గొలుసులు కిర్రుమన్నాయి. జలద్వారం లేచింది. నడుము ఎత్తు లేచి, కడకడమని ఆగిపోయింది. పైన గొలుసు చుట్టే చక్రం మీద గద్ద వాలి ఉంది. గొలుసు కొక్కెం ఎర్రగా కాలి, కరుగుతోంది. పడవ దూరే సందు లేదు. గొలుసు తెగితే ద్వారం కిందికే వస్తుంది.

సింగన నీళ్లలోకి దూకి, ఇనుప మొనల కింద నుంచి ఈది లోపల తేలాడు. లోపల చీకటి సొరంగం. గొంతుల దాకా నీళ్లలో మనుషులు, గోడకు గోడకు మధ్య కిక్కిరిసి నిలబడి ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఎంతసేపటి నుంచి అలా నిలబడ్డారో.

"అక్కా!" అన్నాడు సింగన. "తిలకక్కా!"

తల మీద గొలుసు ఒక మెట్టు జారింది. మొనలు నీటిని తాకాయి.

చీకట్లోంచి, ముఖం తెలియని ఒక ఆడమనిషి తన రెండు చేతులూ నీళ్ల పైకెత్తి ముందుకు చాచింది. చేతుల్లో గుడ్డ చుట్టిన పసిబిడ్డ.

"పేర్లు తర్వాత నాయనా," అంది. "ముందు వీణ్ణి పట్టుకో."

సింగన పట్టుకున్నాడు. బిడ్డ వెచ్చగా ఉన్నాడు. వాణ్ణి తల మీదికెత్తి, వీపు ద్వారం వైపు తిప్పి, మొనల సందులోంచి బయట పడవవాళ్ల చేతులకు అందించాడు. మళ్లీ లోపలికి తిరిగేసరికి చీకట్లో ఇంకో బిడ్డ, దాని వెనక ఇంకొకటి, చేతుల మీదుగా అతడి వైపే వస్తున్నాయి.